ఆకుపచ్చ పూసకు ఏ ప్రార్థన?

హనుమకొండ
7 సెప్టెంబర్ 2025

చెల్లీ,

సిస్టర్లు కాబోయే నోవిస్‌లకు ఫోన్ ఇవ్వకూడదన్న మీ కాన్వెంట్ నియమం వల్ల నాకు మేలే జరిగింది. ఫోన్లో నాకు "ఊఁ" తప్ప ఏదీ రాదు. కాగితం మీద అయితే వాక్యాలు వస్తాయి.

బడిలో చేరి మూడు నెలలైంది. రెండో తరగతి ఇచ్చారు. నా గొంతు మూడో బెంచీ దాకా వెళ్ళదని హెడ్ సిస్టర్ అంటారు. నిజమే. అందుకని పిల్లలే జరిగి జరిగి నా దగ్గరికి వచ్చేశారు. ఇప్పుడు తరగతంతా నా బల్ల చుట్టూ నేల మీద కూర్చుంటుంది. బెంచీల మీద సంచులు కూర్చుంటాయి.

నవంబర్‌లో మా బడిలో సైన్స్ ప్రదర్శన. అంశాలు చీటీల మీద రాసి బిస్కెట్ డబ్బాలో వేశారు. నేను పక్కకు జరిగి అందరికీ దారి ఇచ్చాను. ఎనిమిదో తరగతికి "ఆకులు" వచ్చింది. అడుగున మిగిలిన చీటీ నాది. విప్పితే "జీనోమ్". హెడ్ సిస్టర్ చీటీని చూసి, నన్ను చూసి, "చేయగలవా?" అన్నారు. చేయలేనని చెప్పడానికి నోరు తెరిచేలోగా తల సరేనన్నట్టు ఊగింది. నా తల సంగతి నీకు తెలుసు.

ఆ రోజు పిల్లలు బాగా చెబితే నన్ను పర్మనెంట్ చేస్తారు. లేకపోతే క్రిస్మస్ తర్వాత స్టేషన్ ఘన్‌పూర్ వెళ్ళి బాబాయి ఎరువుల కొట్టులో కూర్చోవాలని నాన్న తేల్చేశారు. అక్కడ మాట్లాడే పని ఉండదట. యూరియా తనంతట తానే అమ్ముడుపోతుందట. నాకు యూరియా వద్దు జ్యోతీ. ఈ పిల్లలు కావాలి.

నువ్వు ఒక సాయం చెయ్యాలి. మీరు అక్కడ జపమాలలు గుచ్చుతారు కదా. రంగు తేడా వచ్చిన పూసలు ఉంటే పంపు. నాలుగు రంగులు చాలు. ఎందుకో చెబుతాను. మన ఒళ్ళు కంటికి ఆనని చిన్న చిన్న గదులతో కట్టి ఉంది. దాదాపు ప్రతి గదిలోనూ పూసల వరసలు రెండు చుట్టి పెట్టి ఉన్నాయనుకో. పూసలు నాలుగే రకాలు. ఏ పూస తర్వాత ఏ పూస వచ్చిందన్న దాన్ని బట్టి ముక్కు ఎలా కట్టాలో, చెవి ఎక్కడ ఆపాలో ఒంటికి తెలుస్తుంది. ఒక వరస అమ్మ ఇస్తుంది, ఒకటి నాన్న ఇస్తాడు. ఆ మొత్తం వరసే జీనోమ్. ఒక్కో వరసలో మూడు వందల కోట్ల పూసలు.

అన్నీ పంపకు.

పూసల కోసం చూస్తూ,
రాహేలు

ఖమ్మం
14 సెప్టెంబర్

అక్కా,

యేసు నామానికి స్తోత్రం. ఈ వాక్యం మా మదర్ కోసం. మా ఉత్తరాలు ముందు ఆమె చదివాకే పోస్టుకు వెళ్తాయి. నమస్కారం మదర్. ఇక మిగతాదంతా అక్కకు.

పూసలు పంపుతున్నాను. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. తెల్లవి అడిగినా ఇవ్వను, తెల్లవి బాగా అమ్ముడుపోతాయి. సంచి అడుగున చిన్న సిలువలు కూడా వేశాను. నువ్వు అడగలేదు. కానీ ఏడాదిగా గుచ్చీ గుచ్చీ, సిలువ లేకుండా పూసలు ఇవ్వడానికి నా చేతులు ఒప్పుకోలేదు.

నీ జీనోమ్ పేరాను ఇక్కడ సాయంత్రం అందరికీ చదివి వినిపించాను. ఒక నోవిస్‌కు పెద్ద సందేహం వచ్చింది. "లోకం వదిలిపెట్టి వచ్చినం గదా, మరి అమ్మది, బాపుది వరసలు గేటు దగ్గర్నే వదిలిపెట్టాల్నా?" అంది. మదర్, "గేటు దగ్గర సెల్‌ఫోన్లే తీసుకుంటాం" అన్నారు.

నాకో సందేహం. నా పెద్ద గొంతు నాన్నది, అందరూ ఒప్పుకుంటారు. అమ్మ గొంతు కాజీపేటలో పిలిస్తే హసన్‌పర్తిలో పలుకుతారు. మరి నీకు ఈ "ఊఁ" ఎవరిచ్చారు?

యూరియా గురించి ఆలోచించకు.

నీ గొంతుగల చెల్లెలు,
జ్యోతి

బిడ్డా రాహేలూ, పూసలు పంపడానికి నేను అనుమతి ఇచ్చాను. మూడు వందల కోట్లు అని సరిగ్గానే రాశావా? — మదర్

హనుమకొండ
5 అక్టోబర్

చెల్లీ,

సరిగ్గానే రాశానని మదర్‌గారికి చెప్పు.

దసరా సెలవులకు ముందు రోజు పాఠం చెప్పాను. బోర్డు మీద నాలుగు రంగుల సుద్దముక్కలతో ఒక వరస గీసి, అందరూ అదే గుచ్చాలన్నాను. మనుషులందరి వరసా దాదాపు ఒకటే, వెయ్యి పూసల్లో ఒకటి తేడా. అందుకని ఎక్కడో ఒకచోట ఒక్క పూస మాత్రం ఎవరిష్టం వాళ్ళది అన్నాను. ఆ ఒక్క పూస కోసం జరిగిన ఆలోచన నువ్వు చూడాల్సింది. బెన్నీ అని ముందు పళ్ళు రెండూ ఊడినవాడు ఒకడున్నాడు. దండ చివర పసుపు తీసేసి ఎరుపు పెట్టాడు. రెండు ఎర్రపూసలు పక్కపక్కన వచ్చాయి. "గిది నేను" అన్నాడు.

ప్రశ్నలు కూడా వచ్చాయి.

"టీచర్, మేకకు సుత ఉంటదా?"

ఉంటుంది.

"వడ్లకు?"

ఉంటుంది.

"హెడ్ సిస్టర్‌కు?"

ఉంటుందన్నాను. వాళ్ళు నమ్మలేదు.

ఇంతలో ఎవరో సంచి అడుగున నీ సిలువలు చూశారు. "టీచర్, మన దండలకు ఇవి కట్టుడు మర్సిపోయినం" అని తలా ఒకటి కట్టేసుకున్నారు. వద్దనేలోగా గంట మోగింది. దండలు వాళ్ళతో పాటు సెలవులకు వెళ్ళిపోయాయి.

నిన్న బడి తెరిచారు. గేటు దగ్గర బెన్నీ నాయనమ్మ మొగిలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, అక్టోబర్ జపమాల నెల అని యాదికుంచుకోని ముందుగాల్నే మాలలిచ్చినవ్. సల్లగుండు బిడ్డా. ఎర్రదానికి పరలోక జపం, నీలానికి మంగళవార్త, పసుపుకు త్రిత్వ స్తోత్రం జెప్పుకుంటున్న. మరి ఆకుపచ్చకు ఏం సదవాలె?"

ఇది జపమాల కాదు అనడానికే నోరు తెరిచాను. తల ఊగింది.

"అంటె ఎవల మనసుల ఉన్నది వాళ్ళు అడుగుకోవాలన్నట్టు. సమజైంది తీ" అని వెళ్ళిపోయింది.

దవాఖాన సూదులకు తగ్గని మోకాళ్ళ నొప్పులు మనవడి దండతో తగ్గాయట. సెలవులంతా పొలం పని లేక కూర్చుని ఉండటం వల్ల కావచ్చని నాకు అనిపిస్తోంది. కానీ ఆమె ఈ ఉదయం పూజ అయ్యాక గుడి ముందు నిలబడి అందరికీ మోకాళ్ళు వంచి చూపించింది.

నేనేం చెయ్యాలి?

రాహేలు

ఖమ్మం
12 అక్టోబర్

అక్కా,

నీ ఉత్తరం అన్నం దగ్గర గుర్తొచ్చింది. ఇక్కడ అన్నం తినేటప్పుడు మౌనం. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో పక్కవాళ్ళకు చెప్పాను. వాళ్ళూ నవ్వారు. ఈ వారమంతా అంట్లు నావి.

నువ్వు ఇంత బాధపడటం దేనికి? మొగిలమ్మకు పరలోక జపం తప్పు కాదు, మంగళవార్త తప్పు కాదు. తేలాల్సింది ఆకుపచ్చ ఒక్కటే. అది నేను తేల్చేస్తాను. ఆకుపచ్చ పూస వచ్చినప్పుడల్లా "ప్రభువా, మా రాహేలు టీచర్‌ను పర్మనెంట్ చేయించు" అని అడుక్కోమను. ఊరంతా కలిసి అడిగితే దేవుడు మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు?

దసరా తర్వాత మాకు పని ఎక్కువైంది. వరంగల్ వైపు నుంచి పెద్ద ఆర్డర్ వస్తోందని మదర్ అన్నారు. వివరాలు చెప్పలేదు. నోవిస్‌లకు వివరాలు అక్కర్లేదట.

సబ్బు చేతులతో,
జ్యోతి

బిడ్డా, అది జపమాల కాదని నువ్వే నోరు తెరిచి చెప్పాలి. ఆలస్యం చేయకు. ఇంకో మాట. తగ్గింది ఒక మోకాలా, రెండూనా? — మదర్

హనుమకొండ
26 అక్టోబర్

జ్యోతీ,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. అమ్మ విప్పింది. విప్పి ఊరుకుంటే బాగుండేది. దాన్ని తన ప్రార్థన గుంపుకు పట్టుకెళ్ళి, ఆకుపచ్చ పూస సంగతి కాజీపేటలో పిలిచే గొంతుతో చదివింది. "మా చిన్నబిడ్డ కాన్వెంట్ల నుంచి రాసి పంపింది, ఇగ ఆకుపచ్చకు ఫికర్ లేదు" అందట. నువ్వు వేళాకోళం ఆడావని అమ్మకు తోచలేదు. నువ్వు సిస్టర్‌వి కాబోతున్నావు కదా, వేళాకోళాలు మానేశావని ఆమె నమ్మకం.

ఇప్పుడు సాయంత్రమైతే మా గుడికి వచ్చే ప్రతి ఇంట్లోనూ నా ఉద్యోగం కోసం దేవుణ్ణి అడుగుతున్నారు. దారిలో కనబడి, "నిన్న యాభైసార్లు అడిగిన బిడ్డా" అని లెక్క చెబుతున్నారు. నేను తల దించుకుని నడుస్తుంటే, భక్తి అనుకుంటున్నారు.

ఇదొక్కటే కాదు. అందరికీ బెన్నీ వరసే కావాలి. మోకాళ్ళు తగ్గించింది అదే కాబట్టి. తక్కిన పిల్లల దండలను వాళ్ళ ఇళ్ళలోనే ఎవరూ ముట్టుకోవడం లేదు. చౌరస్తాలో వెంకట్రాజం ఫ్యాన్సీ స్టోర్ ముందు "అసలైన బెన్నీ మాల ఇచ్చట దొరకును" అని బోర్డు పెట్టారు. ఒక్క పిల్లవాడి జీనోమ్‌ను ఊరంతా మెడలో వేసుకుని తిరుగుతోంది.

హెడ్ సిస్టర్ నన్ను పిలిచారు.

"పిల్లలెవరూ ఇకమీద ఆ దండలు గేటు లోపలికి తేకూడదు. సైన్స్ అని పూసలు ఇచ్చి, నీ ఉద్యోగానికి ప్రార్థనలు చేయించుకుంటావా? ఇదంతా నువ్వు నేర్పించిందే అనుకోవాలా నేను?"

కాదు అనాలి. అదొక్క మాటే అనాలి.

తల ఊగింది.

ప్రదర్శనకు నాకిప్పుడు ఒక చార్టు మాత్రమే మిగిలింది. చార్టు చూసి మా పిల్లలు ఏమీ చెప్పలేరు. వాళ్ళకు వేళ్ళతో తడిమితేనే మాట వస్తుంది. బాబాయి కొట్టులో నాకోసం కుర్చీ కొన్నారని నాన్న నిన్న చెప్పారు.

ఇంకొకటి రాసి ఆపేస్తాను. మొన్న బెన్నీ ఏడుస్తూ వచ్చాడు. "కొట్ల అమ్మేది నేను గాదు టీచర్. ఒక పసుపు పూస లేదు" అన్నాడు. చూస్తే నిజమే, అన్ని కొట్టు దండల్లోనూ ఒకేచోట పసుపు పోయింది. చూసి గుచ్చేటప్పుడు అలా ఒకటి తప్పిపోతుంది, మన ఒంట్లోనూ అమ్మానాన్నల నుంచి పిల్లలకు వచ్చేటప్పుడు కొన్ని పూసలు మారుతుంటాయి, ఎక్కువసార్లు ఏమీ కాదు, ఒక్కోసారి అవుతుంది అని చెప్పాను. వాడు ఏడుపు ఆపి ఆలోచనలో పడ్డాడు. అప్పటి నుంచి పిల్లలు ఆదివారం పూజలో ప్రార్థన మానేసి ముసలమ్మల మెడలు చూస్తున్నారు. "గుడిల పాఠాలు జెప్పే ఉపదేశిగారి భార్య ఉన్నది గద, గామె మొగిలమ్మ దండనే సూసి గుచ్చిన అని అందరికి జెప్తాంది టీచర్. అబద్ధం, గామెది సుత పసుపు లేదు" అని నాకు రిపోర్టు ఇస్తున్నారు. నాకు ఓపిక లేదు.

రాహేలు

ఖమ్మం
2 నవంబర్

అక్కా,

క్షమించు. ఈసారి నవ్వలేదు. ముందు నవ్వాను, తర్వాత కుర్చీ సంగతి చదివి ఆపేశాను.

ఆ పెద్ద ఆర్డర్ ఏమిటో ఇప్పుడు అర్థమైంది. వెంకట్రాజంగారిదే. మొగిలమ్మ దండను అడిగి తీసుకుని నమూనాగా పంపించాడు, పని అయ్యాక తిరిగి పంపేశాం. నాలుగు రంగులు, చివర రెండు ఎర్రపూసలు. ఇదేం జపమాల అని మేం తలలు పట్టుకున్నాం. మదర్ నన్ను ముందు ఒకటి గుచ్చమన్నారు. తెల్లవారుజాము ప్రార్థన అయ్యాక కూర్చుని గుచ్చాను. తక్కినవాళ్ళంతా నాది చూసి గుచ్చారు. పసుపు పూస సంగతి మాత్రం ఆ వెంకట్రాజాన్ని గట్టిగా అడగాలి. దండకు ఒకటి చొప్పున పీకి మిగుల్చుకుంటున్నట్టున్నాడు.

అమ్మకు నేను వేరే ఉత్తరం రాసి అది వేళాకోళమని చెప్పాను. నమ్ముతుందో లేదో. "కాన్వెంట్ల వినయం నేర్పిస్తరు" అనేస్తుందేమో.

నీ దగ్గర చార్టు ఉంది, పిల్లలున్నారు. నేను ఇంతకంటే ధైర్యం చెప్పలేను. చోటు వదలమని మదర్ అంటున్నారు, ఈసారి సగం పేజీ.

జ్యోతి

బిడ్డా రాహేలూ, నేను ఈ పనిలోకి రాకముందు పన్నెండేళ్ళు బడి నడిపాను. హెడ్ సిస్టర్ చెప్పిన మాటను నువ్వు రాసినట్టే మళ్ళీ చదివాను. "పిల్లలెవరూ తేకూడదు" అన్నారు. ముసలివాళ్ళ గురించి ఏమీ అనలేదు. ప్రదర్శనకు నాయనమ్మలనూ అమ్మమ్మలనూ పిలవడం మంచి ఆనవాయితీ. నేను నీకు ఏ సలహా ఇవ్వలేదు. ఆ వెంకట్రాజంగారు నిజాయితీపరుడు, డబ్బు ముందే పంపారు. — మదర్

హనుమకొండ
11 నవంబర్

చెల్లీ,

శనివారం ప్రదర్శన అయింది. వరసగా చెబుతాను, మధ్యలో చివరికి వెళ్ళి చూడకు.

మదర్‌గారు ఇవ్వని సలహా ప్రకారం, పిల్లల చేత ఇళ్ళకు పిలుపు పంపాను. ముసలమ్మలు పట్టుచీరలు కట్టుకుని వచ్చి మొదటి వరస కుర్చీల్లో కూర్చున్నారు. అందరి మెడల్లోనూ దండలు. హెడ్ సిస్టర్ చూశారు. తాను అన్న మాట గుర్తు తెచ్చుకున్నట్టున్నారు. ఎర్రబడి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

మెడికల్ కాలేజీ నుంచి ఒక డాక్టరమ్మ అతిథిగా వచ్చారు. నేను చార్టు పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఆమె నన్ను వదిలేసి బెన్నీని అడిగారు.

"జీనోమ్ అంటే ఏంటి బాబూ?"

వాడు చార్టు వైపు చూడనే లేదు. నాయనమ్మ దగ్గరికి పరుగెత్తి, "అవ్వా, జర లెవ్" అన్నాడు. తక్కినవాళ్ళు మిగిలిన ముసలమ్మలను లేపారు. మెడలు వంగదీసి పూసలు తడిమి, "నువ్విటు నిలవడు, నువ్వు గా అవ్వ ఎన్క" అంటూ వరసలు కట్టించారు. ముందు మొగిలమ్మ. ఆమె వెనక పసుపు లేనివాళ్ళంతా. వాళ్ళ వెనక, పసుపూ లేక, నీలం ఆకుపచ్చ తారుమారైనవాళ్ళు.

"సూసి గుచ్చెటప్పుడు ఒకలు తప్పు జేస్తె, ఆల్లది సూసి గుచ్చినోళ్ళకు సుత గదే తప్పొస్తది మేడం. గందుకె ఎవల్ది ఎవల్నుంచి వచ్చిందో దొరికిపోతది. మన లోపటి పూసలు సుత గంతే" అన్నాడు బెన్నీ.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వాళ్ళ మధ్య నేల మీద కూర్చున్నారు. ఏ ప్రాణి ఏ ప్రాణికి చుట్టమో కంప్యూటర్లు పెట్టి మేం వెతికే పద్ధతి ఇదే అన్నారు.

అప్పుడు గొడవైంది. ఉపదేశిగారి భార్యను పసుపు లేనివాళ్ళ వెనక నిలబెట్టారు. ఆమె ఒప్పుకోలేదు.

"నేను మొగిలమ్మదే సూసి గుచ్చిన! కొట్ల కొన్నది గాదు!"

"మరి పసుపు ఏది అవ్వా?" అంది ఒక చిన్నది.

"కొట్లదాన్ని సూసి గుచ్చినవ్. మల్ల నీలం, ఆకుపచ్చ ఉల్టా జేసినవ్. గిది నువ్వు జేసిన తప్పే. నీదాన్ని సూసి గుచ్చుకున్నోళ్ళందరికి వచ్చింది" అన్నాడు బెన్నీ.

హాలంతా నవ్వింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు నిండాయి. అది చూసేసరికి నాకేమైందో తెలియదు.

"ఇక్కడ తప్పు లేని దండ ఒక్కటీ లేదు" అన్నాను. "బెన్నీది కూడా. వాడు నా బోర్డు మీద ఉన్నట్టు గుచ్చలేదు. ఏ తప్పూ పడకపోతే మనమంతా ఒకే ముఖంతో ఉండేవాళ్ళం, అమ్మా. అసలు ఇది జపమాలే కాదు. నెల నుంచి చెప్పాలనుకుంటున్నాను."

చివరి బెంచీ దాకా వినబడిందట. నాన్న తలుపు దగ్గర ఉన్నారు, ఆయన చెప్పారు.

మొగిలమ్మ మాత్రం తొణకలేదు. "జపమాల గాకుంటె ఏంది బిడ్డా, జపం నేను జేసిన గద" అంది. దానికి జవాబు మదర్‌గారి దగ్గర ఉంటే రాయమను.

హెడ్ సిస్టర్ వందన సమర్పణకు లేచారు. కళ్ళజోడు తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు తీశారు. రుమాలుతో పాటు ఒక దండ బయటికి వచ్చి నేల మీద పడింది. నాలుగు రంగులు.

ఎవరూ కదల్లేదు. బెన్నీకి అలాంటి మర్యాదలు ఇంకా తెలియవు. వెళ్ళి తీసి, పూస పూసా తడిమాడు.

"పసుపు లేదు. నీలం, ఆకుపచ్చ ఉల్టా. సిస్టర్, మీది ఉపదేశి అవ్వ దగ్గర్నుంచి వచ్చింది."

ఉపదేశిగారి భార్య కొంగు తీసి, తల పైకెత్తి నిలబడింది.

మొగిలమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "సిస్టరమ్మా, మరి ఆకుపచ్చకు మీరేం అడుగుకుంటున్నరు?"

హెడ్ సిస్టర్ అతిథుల్లో ఉన్న మా గుడి ఫాదర్ వైపు చూశారు. ఫాదర్ పైకప్పు వైపు చూశారు. గుడి వాళ్ళందరి ముందు సిస్టర్ అబద్ధం ఎలా చెబుతారు?

"అందరూ అడిగేదే" అన్నారు.

"టీచరమ్మ నౌకరి గురించేనా?"

సిస్టర్ తల ఊగింది. అచ్చం నా తలలాగే ఊగింది జ్యోతీ.

"ఇగో, పర్మనెంట్ జేసేది మీరు. మీరు సుత దేవున్నే అడుగుతుంటె, ఆయన ఎవలను అడగాలె?"

ముందు డాక్టరమ్మ నవ్వారు. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో నాకు తెలియదు, నేను చార్టు వెనక ఉన్నాను.

నీకో సంగతి. ఆదివారం మా పిల్లలు వెంకట్రాజంగారి కొట్టుకు వెళ్ళి, ఖమ్మం నుంచి వచ్చిన కట్ట విప్పించి చూశారు. మూట కట్టినవి కట్టినట్టే ఉన్నాయట, ఒక్కదానికీ పసుపు లేదట. ఆయన ఏమీ పీకలేదు. "టీచర్, మీ చెల్లె అందరికన్న ముందుగాల గుచ్చిందన్నరు గద" అని బెన్నీ అడిగాడు. ఇన్ని మెడల్లోని తప్పుకు మూలపుటమ్మవు నువ్వే. తెల్లవారుజామున నిద్రపోకుండా గుచ్చడం నేర్చుకో. వెంకట్రాజంగారికి క్షమాపణ ఉత్తరం రాయి.

నిన్న సోమవారం హెడ్ సిస్టర్ నన్ను ఆఫీసుకు పిలిచారు. కాగితం మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, ఆరేదాకా ఊది, నా వైపు జరిపారు. నేను థాంక్స్ సిస్టర్ అన్నాను, వినబడేలా.

"సరే సరే" అన్నారు. "వెళ్ళి ఆ ముసలమ్మలకు చెప్పు, ఇక ఆపమను. నిన్న కూడా అడుగుతూనే ఉన్నారు. ఇంకా అడిగితే ఆయన నిన్ను హెడ్‌ను చేసేస్తాడేమోనని నాకు భయంగా ఉంది."

ప్రేమతో,
రాహేలు
రెండో తరగతి టీచర్